కోత లేదు సరే, గొట్టం ఎవరు కడిగారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఒంటి మీద కోత లేకుండా నోట్లోంచో, మూత్రద్వారంలోంచో గొట్టం పంపి చేసే ఆపరేషన్ల గురించి మీ పత్రికలో ఈ మధ్య వచ్చిన వ్యాసం చదివాను. కుట్లుండవు, మచ్చ ఉండదు, రెండో రోజుకే ఇంటికి పోవచ్చు అని రాశారు. అన్నీ నిజాలే. ఇన్ఫెక్షన్ అనే మాట మాత్రం అందులో ఎక్కడా కనబడలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా పనిచేసి రిటైరైన దాన్ని, చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

మా తమ్ముడికి అల్లూరు దగ్గర రొయ్యల గుంటలున్నాయి. పొద్దస్తమానం ఎండలో గట్ల మీద తిరగడమే గానీ నీళ్ళు తాగడు. మొన్న వేసవిలో నడుం నొప్పితో మెలికలు తిరిగిపోతుంటే స్కానింగ్ తీయించాం. కిడ్నీ నుంచి దిగే నాళంలో 9 మిల్లీమీటర్ల రాయి. జిల్లాలోనే ఒక ఆసుపత్రిలో చేర్చాం. పేరు రాయను, ఒకరిని బజారుకీడ్చడం నా ఉద్దేశం కాదు. కింద నుంచి సన్నటి గొట్టం పంపి లేజర్‌తో రాయిని పొడి చేశారు. గంటలో అయిపోయింది. "చూశావా అక్కా, ఒక్క కుట్టు కూడా పడలేదు" అని సంబరపడ్డాడు. ఆ రాత్రి పదకొండింటికి చలి పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పినా మంచం కదిలిపోయేంత వణుకు. జ్వరం 103. తెల్లారేసరికి బీపీ పడిపోయింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం, అందులో నాలుగు రోజులు ఐసీయూ.

తర్వాత ఫైలు తిరగేశాను. యూరిన్ కల్చర్, అంటే మూత్రంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష, చేయించనే లేదు. మామూలు మూత్ర పరీక్షలో చీము కణాలు ఎక్కువగా ఉన్నాయి. ఆ అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి ఉంది. అంటే ఎవరో చూశారు. చూసి కూడా ఆగలేదు. మూత్రంలో క్రిములుండగా నాళంలోకి ఒత్తిడితో నీళ్ళు పంపి రాయి పగలగొడితే, అవి కిడ్నీలోంచి రక్తంలోకి ఎక్కుతాయి. రాయి లోపల దాక్కున్నవీ బయటపడతాయి. కల్చర్ రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. క్రిమి ఉందని తేలితే దానికి పనిచేసే మందేదో చూసి, ఆ మందు వాడాకే గొట్టం పెట్టాలి. రెండు రోజులు ఆగి ఉంటే తొమ్మిది రోజులు తప్పేవేమో.

ఆపరేషన్‌లో నాళంలో ఉంచిన స్టెంట్ అనే సన్నటి గొట్టం తీయించడానికి వాడి వెంట నేనే వెళ్ళాను. పాత సిస్టర్‌నని చెబితే గొట్టాలు కడిగే గది చూడనిచ్చారు. అక్కడ ఉన్నది ఇరవై ఏళ్ళ కుర్రాడు. "సైడెక్స్‌లో ముంచుతాం మేడమ్" అన్నాడు. సైడెక్స్ అంటే క్రిములను చంపే మందు. ముంచే ముందు లోపలి సందును బ్రష్‌తో తోముతావా నాయనా అంటే ఒక బ్రష్ చూపించాడు, దాని వెంట్రుకలు సగం రాలిపోయి ఉన్నాయి. ఏ గొట్టం ఎవరికి వాడారు, ఎప్పుడు కడిగారు, ఎవరు కడిగారు అని రాసే రిజిస్టర్ లేదు. ఆ పిల్లవాడిని నేను తప్పుపట్టను. వాడికి ఎవరూ నేర్పలేదు.

నాకు నేర్పిన పెద్ద సిస్టర్ చాలా పట్టుదల మనిషి. గొట్టం బయటికి తీసిన క్షణంలోనే, రోగి ఇంకా బల్ల మీద ఉండగానే, పైన తుడిపించి లోపలికి ఎంజైమ్ నీళ్ళు పీల్పించేది. అన్నం ఎండిపోయిన గిన్నెను నానబెట్టకుండా తోమితే వదులుతుందా? ఇదీ అంతే. ఎండితే లోపల పాచి కడుతుంది, ఆ పాచి కిందికి మందు దిగదు. పైగా సైడెక్స్‌లో ఉండే గ్లూటరాల్డిహైడ్ మిగిలిపోయిన రక్తాన్ని, జిగురును ఇంకా గట్టిగా అంటించేస్తుంది. తర్వాత గొట్టంలోకి గాలి పట్టించి నీళ్ళలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. బుడగ వస్తే ఎక్కడో చిల్లు ఉన్నట్టే, ఇక దాన్ని వాడకూడదు. అప్పుడు బ్రష్. ఆ చివర నుంచి బయటికొచ్చిన బ్రష్‌ను ఆవిడ తెల్లటి గాజ్ గుడ్డ మీద దులిపించేది. గోధుమ రంగు మరక కనబడితే మళ్ళీ తోమాలి. గుడ్డ మీద ఏమీ పడనంత వరకు ఇదే పని. అదయ్యాకే మందులో ముంచి గడియారం పెట్టుకుని 20 నిమిషాలు. మందు కలిపి 14 రోజులు దాటితే పారబోయించేది. చివర్లో శుద్ధమైన నీళ్ళతో కడిగి, స్పిరిట్ పంపి, గాలి కొట్టి ఆరబెట్టి నిలువునా వేలాడదీయాలి. పొద్దున వచ్చి చూస్తే కింద ఒక్క చుక్క నీరు పడి ఉన్నా ఆ గొట్టం మళ్ళీ మొదటికే. తడి ఉన్నచోట రాత్రికి రాత్రే క్రిములు పెరుగుతాయి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. నోట్లోంచి వెళ్ళి పొట్టను చూసి వచ్చే గొట్టానికి ఈ మాత్రం శుద్ధి సరిపోతుంది. అదే గొట్టం పొట్ట గోడను చీల్చుకుని కడుపు కుహరంలోకి దిగితే సంగతి వేరు. అక్కడ ఒక్క క్రిమి కూడా ఉండకూడదు. కాబట్టి ఆ గొట్టం పూర్తిగా స్టెరైల్ కావాలి, దాన్నేమో ఆటోక్లేవ్ వేడిలో పెట్టలేం, పాడైపోతుంది. అంత వేడి లేకుండా క్రిములను చంపే ఈటీఓ గ్యాసో, ప్లాస్మా యంత్రమో ఉండాల్సిందే. 2004లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు పందుల మీద ఈ దారిని పరీక్షించి ప్రచురించారు. మన హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రిలో డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి, డాక్టర్ జి.వి. రావు నోటి దారిన అపెండిక్స్ తీసి ప్రపంచానికి చూపించారు, తెలుగువాళ్ళుగా గర్వపడాల్సిన విషయం. 2006లో అమెరికా నిపుణులు ఈ పద్ధతిలో ముందుగా తేల్చుకోవాల్సిన సమస్యలంటూ పెట్టుకున్న జాబితాలో ఇన్ఫెక్షన్‌ను ఆపడం కూడా ఉంది. నోరు, పొట్ట, యోని, ఏ దారీ క్రిములు లేని దారి కాదని వాళ్ళకు తెలుసు. పొట్టలో ఆమ్లం కొంత కాపాడుతుంది గానీ, రోజూ గ్యాస్ మాత్రలు మింగేవాళ్ళకు ఆ రక్షణ తగ్గిపోతుంది. అందుకే ముందే యాంటీబయాటిక్ ఇస్తారు, లోపల కడుగుతారు, యోని దారైతే పోవిడోన్ అయోడిన్‌తో శుభ్రం చేస్తారు.

పెద్ద ఆసుపత్రులకు ఇవి పట్టవని అనుకోవద్దు. 2015లో లాస్ ఏంజెలిస్‌లో పిత్తనాళం చూసే గొట్టాల వల్ల ఏడుగురికి మొండి క్రిమి సోకినట్టు బయటపడింది, వాళ్ళలో ఇద్దరు చనిపోయారు. కంపెనీ చెప్పినట్టే కడిగారట. గొట్టం కొసన ఉండే చిన్న మీట వెనక బ్రష్ అందని సందు ఉంది.

నెల్లూరు పొగతోటలో నడిచినా, ఒంగోలు బస్టాండు దగ్గర దిగినా "కోత లేని ఆపరేషన్" బోర్డులు కనబడుతున్నాయి. ఆ బోర్డు పెట్టిన ప్రతిచోటా గొట్టానికో నంబరు, నంబరుకో రిజిస్టర్ ఉండాలని మన రెండు జిల్లాల వైద్యాధికారులు పట్టుబట్టాలి. తనిఖీకి వచ్చినప్పుడు థియేటర్ టైల్స్ చూసి వెళ్ళకుండా కడిగే గదిలోకి రావాలి, ఆ బ్రష్‌ను చేతిలోకి తీసుకుని చూడాలి. రాయి ఆపరేషన్‌కు ముందు కల్చర్ రిపోర్టు ఫైల్లో లేకపోతే థియేటర్‌లోకి తీసుకోకూడదు. రోగి బంధువులు "రిజిస్టర్ చూపిస్తారా అమ్మా" అని అడిగితే కసురుకోకూడదు.

నాకు అరవై నాలుగేళ్ళు. చూపు, చేతులు ఇంకా బాగానే ఉన్నాయి. గూడూరు నుంచి కందుకూరు దాకా ఏ ఆసుపత్రి పిలిచినా బస్సెక్కి వస్తాను. డబ్బు వద్దు. రెండు సింకులు, ఒక కొత్త బ్రష్, గాజ్ గుడ్డ, ఆ పని చేసే పిల్లలు ఒక పూట ఉంటే చాలు. నా ఫోన్ నంబరు మీ ఆఫీసుకు విడిగా పంపుతున్నాను, అడిగినవాళ్ళకు దయచేసి ఇవ్వండి.

– ఒక రిటైర్డ్ హెడ్ నర్సు, కావలి