క్యాన్‌తోపాటు దాని కొమ్ము కూడా అమ్మాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది చిత్తూరు జిల్లా బంగారుపాళెం మండలం. ఆరెకరాల మామిడి తోట ఉంది, అంతా తోతాపురి. పూత మొదలైంది మొదలు పిందె నిలిచేదాకా తేనెమంచు పురుగుకు మందు కొడుతూనే ఉండాలి. మందు ఇంజనుకు పెట్రోలు, టిల్లరుకు డీజిలు కావాలి. తోట దగ్గర బంకు ఉండదు కాబట్టి క్యాన్లలో మోసుకుపోవడం తప్పదు. మా చుట్టుపక్కల తోటలున్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక క్యాన్ ఉంటుంది. దాని మూతికి తగిలించి, ఒలకకుండా ట్యాంకులోకి పోసే కొమ్ము మాత్రం పదిళ్లకు ఒకచోట కూడా కనిపించదు.

పోయిన పూతప్పుడు మా తమ్ముడి కొడుకు క్యాన్‌లో పైపు పెట్టి నోటితో పెట్రోలు లాగాడు. వాడు రోజూ చేసే పనే, మేమంతా చేసిన పనే. ఆ పూట ఒక గుక్క లోపలికి పోయింది. దగ్గు పట్టుకుంది, ఎంతకీ వదల్లేదు. ఏం చేయాలో తోచక ఇంట్లోవాళ్లం ఉప్పునీళ్లు తాపి కక్కించాం. ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "కక్కించారా?" అని. కక్కేటప్పుడు పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణం మీదికి వస్తుందని, ఇలాంటప్పుడు కక్కించనే కూడదని ఆమె చెప్పేదాకా మాకు తెలియదు. రెండు రాత్రులు అక్కడే ఉన్నాం. దేవుడి దయవల్ల పిల్లవాడు బాగున్నాడు. అప్పుడే అనుకున్నాను, ఇంక మా ఇంట్లో ఎవరూ పైపు నోట్లో పెట్టకూడదని.

ప్లాస్టిక్ క్యాన్ పక్కన పడేసి, పాత సామాన్ల అంగడిలో మిలిటరీ ఇనప క్యాన్ ఒకటి కొన్నాను. సైన్యం మిగులు సామానుగా వేలంలో వదిలేసేవి ఇవి. 20 లీటర్లు పడుతుంది, పైన మూడు పిడులుంటాయి. ఈ నమూనా 1930లలో జర్మనీ సైన్యం చేయించుకున్నది. జర్మన్లను ఇంగ్లీషు సిపాయిలు 'జెర్రీ' అనేవాళ్లు కాబట్టి దీనికి జెర్రీ క్యాన్ అనే పేరొచ్చింది. మధ్య పిడి పట్టుకుంటే ఒక్కడే మోయగలడు. నిండు క్యాన్‌ను ఇద్దరు మోయాలంటే చెరొక పక్క పిడి పట్టుకోవచ్చు. వస్తువు గట్టిది, పట్టా భూమిలా తరాలకు నిలుస్తుంది. కానీ అంగడివాడు ఇచ్చింది క్యాన్ ఒక్కటే. పోసే కొమ్మేదయ్యా అంటే, "అది ఎక్కడైనా దొరుకుతుంది సార్" అన్నాడు.

ఎక్కడా దొరకలేదు. చిత్తూరులో ఒక అంగట్లో మర ఉన్న కొమ్ము ఇచ్చారు, నా క్యాన్‌ది మీటతో బిగిసే క్లిప్పు మూత. మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించి చూశాను. వంచగానే పెట్రోలు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది. వేలూరు నుంచి తెప్పించిన రెండోది క్లిప్పుకు సరిగ్గా కూర్చుంది గానీ, దాని వాషర్ మామూలు రబ్బరు. వారానికే పెట్రోలుకు ఉబ్బి, నానిన అప్పడంలా మెత్తబడి మూతిలోంచి ఊడొచ్చింది. మూడోదానికి గాలి గొట్టం లేదు. చెంబు బోర్లిస్తే నీళ్లు గుడగుడమని ఆగి ఆగి ఎలా పడతాయో, పెట్రోలూ అలాగే పడి, ట్యాంకు అంచు దాటి ఇంజను మీద చిందింది. అప్పటిదాకా నడిచిన ఇంజను, సైలెన్సరు ఇంకా కాలుతోంది. సైలెన్సరు మీద పడి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదేమో.

చివరికి తిరుపతిలో పాత జీపులు బాగుచేసే షెడ్డులో ఒక పెద్దాయన విడమరచి చెప్పాడు. చూపుకు అన్నీ ఒకటే అనిపించినా ఈ క్యాన్లలో ముఖ్యంగా రెండు జాతులున్నాయట: మీట క్లిప్పుతో మూసేవి, మర మూతవి. ఒకదాని కొమ్ము ఇంకోదానికి ఏం చేసినా పట్టదు. కొమ్ము లోపల సన్నటి గాలి గొట్టం ఉండాలి. పెట్రోలు బయటికి పోయేకొద్దీ దాని గుండా గాలి లోపలికి వెళ్తేనే ధార తెగకుండా పడుతుంది. వాషర్ పెట్రోలుకు ఆగే నైట్రైల్ రబ్బరుదై ఉండాలి. క్యాన్ వెంట తీసుకెళ్లి, అంగట్లోనే బిగించి, నీళ్లు పోసి వంచి చూసుకోవాలి, తర్వాత చుక్క లేకుండా ఆరబెట్టాలి. నాకు సరిపడే కొమ్ము ఆయన దగ్గరే, ఒక మూల మేకుకు వేలాడుతూ దొరికింది. ఇప్పుడు మా ఇంట్లో ఆడవాళ్లు కూడా చుక్క ఒలకకుండా పోస్తున్నారు. ఇంత చిన్న వస్తువు కోసం రెండు నెలలు తిరగాల్సి రావడం న్యాయమేనా?

1934 పెట్రోలియం చట్టం ప్రకారం, అమ్మకానికి కాకుండా సొంత వాడకానికైతే 30 లీటర్ల దాకా పెట్రోలు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. అయితే గట్టి మూత ఉండాలి. గాజు సీసా, జాడీ అయితే లీటరుకు మించకూడదు, లోహపు డబ్బా అయితే 25 లీటర్లకు మించకూడదు. చట్టమే లోహపు డబ్బా అంటుంటే, మన ఊళ్లలో పురుగుమందు ఖాళీ క్యాన్లలోనూ, నీళ్ల సీసాల్లోనూ పెట్రోలు తిరుగుతోంది. ఇనప క్యాన్ కొన్న రైతుకు దానికి తగిన కొమ్ము దొరక్కపోతే అతడు మళ్లీ ప్లాస్టిక్‌కూ, నోటితో లాగే పైపుకూ తిరిగిపోతాడు. నా కళ్లముందే ఇద్దరు అలా తిరిగిపోయారు.

ఇంకో మాట. క్యాన్‌ను మూతిదాకా నింపకండి. మన ఎండలకు నింపినప్పటికంటే 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే 20 లీటర్ల పెట్రోలు దాదాపు 400 మిల్లీలీటర్లు పెరుగుతుంది, దానికి చోటు కావాలి. బంకులో నింపించేటప్పుడు క్యాన్‌ను బండి మీద నుంచి నేల మీదికి దించండి.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. మిగులు క్యాన్లు వేలం వేసే అధికారులు క్యాన్‌కు దాని కొమ్మును, వాషర్‌ను జతచేసే ఇవ్వాలి. అది కుదరకపోతే క్లిప్పుదా మరదా అన్నది క్యాన్ మీద తెలుగులో రాయించాలి. మన రైతు సేవా కేంద్రాల్లో ఎరువుల బస్తాల పక్కన రెండు రకాల కొమ్ములూ, పెట్రోలుకు ఆగే వాషర్లూ కొన్ని అమ్మకానికి ఉంచాలి. ఉద్యాన శాఖవారు మందుల మీద సలహా చెప్పడానికి తోటలకు వచ్చినప్పుడు, పెట్రోలు మింగినవాణ్ణి కక్కించొద్దని కూడా ఒక్క మాట చెప్పి వెళ్లాలి. మార్గశిరం వస్తే మళ్లీ మందు ఇంజన్లు బయటికి తీస్తాం. ఆలోపే ఈ ఏర్పాటు జరిగేలా చూడాలని జిల్లా కలెక్టరు గారిని మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక మామిడి రైతు,
బంగారుపాళెం మండలం, చిత్తూరు జిల్లా