ఈ-టైప్ వెనుక సస్పెన్షన్ పనుల గురించి మా ఖాతాదారులకు

జాగ్వార్ ఈ-టైప్ స్పోర్ట్స్ కారు వెనుక సస్పెన్షన్‌లో మార్పులు చేయించుకోవడానికి మా వర్క్‌షాపులో పేరు నమోదు చేసుకున్నవారిలో చాలామంది కొంతకాలంగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఏయే భాగాలు కావాలో తాము ముందే రాసి ఇచ్చినా, ఖర్చు ఎంతవుతుందో, పని ఎప్పటికి పూర్తవుతుందో మేము ఎందుకు చెప్పడం లేదన్నది ఆ ప్రశ్న. ఇకపై వెనుక యూనిట్‌ను (సస్పెన్షన్ భాగాలన్నీ కలిసిన కట్టును) కారు నుంచి దించి, పూర్తిగా విప్పి, కొలతలు తీసుకున్న తరువాతే ఏ మార్పు అవసరమన్నది మీతో కలిసి నిర్ణయిస్తాము. అంతకు ముందు అంచనా ఇవ్వబోము. ఈ పద్ధతి వల్ల కొందరికి ఖర్చు పెరుగుతుంది, కొందరికి తగ్గుతుంది, అందరికీ ఆలస్యమవుతుంది. ఇంత జాగ్రత్త ఎందుకో వివరంగా చెప్పవలసిన బాధ్యత మాది.

1961లో ఈ-టైప్‌తో వచ్చిన ఈ సస్పెన్షన్ బాబ్ నైట్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో రూపుదిద్దుకుంది. ఇందులో చక్రాన్ని పైభాగాన పట్టి ఉంచే లింకు విడిగా ఉండదు. డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు వెనుక చక్రాలకూ పంచే గేరు పెట్టె) నుంచి చక్రానికి శక్తిని చేరవేసే హాఫ్ షాఫ్టే ఆ పని కూడా చేస్తుంది. దాని కింద గొట్టపు విష్‌బోన్ (చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే చేయి), అక్కడి నుంచి ముందుకు సాగి బాడీకి కలిసే రేడియస్ ఆర్మ్, ఒక్కో వైపు రెండేసి స్ప్రింగ్-డ్యాంపర్లు (స్ప్రింగు, దాని ఊపును అణచే డ్యాంపర్ కలిసిన జతలు), డిఫరెన్షియల్‌ను ఆనుకుని డిస్క్ బ్రేకులు ఉంటాయి. వీటిలో అధిక భాగాన్ని ఒక ఉక్కు కేజ్‌లో అమర్చి, ఆ కేజ్‌ను నాలుగు రబ్బరు మౌంట్ల మీద బాడీకి బిగించారు. గేర్ల రొద, రోడ్డు అదురు లోపల కూర్చున్నవారికి చేరకుండా ఆపేది ఆ రబ్బరే. అంత వేగంగా పోయే కారు అంత నిశ్శబ్దంగా, మెత్తగా నడవడం వెనుక ఉన్న తెలివి అక్కడే ఉందని మా అభిప్రాయం. దానిని తీసివేసే ముందు ఎవరైనా రెండుసార్లు ఆలోచించాలి.

మా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో తరచుగా వినిపించేది ఒకటుంది. మలుపులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే వెనుక భాగం తనంతట తాను పక్కకు తిరిగినట్టు అనిపిస్తుందని, అందుకని గట్టి బుష్‌లు (కీళ్ల దగ్గర ఉండే తొడుగులు), గట్టి స్ప్రింగులు వేయమని అడుగుతారు. యూనిట్ విప్పి చూస్తే కారణం చాలాసార్లు విష్‌బోన్ లోపలి కొసన, అది ఊగే షాఫ్ట్ దగ్గర కనిపిస్తుంది. అక్కడి సూది రోలర్ బేరింగ్ పూర్తిగా చుట్టూ తిరగదు, కొద్దిపాటి కోణంలో ముందుకూ వెనక్కూ ఊగుతుంది. గ్రీజు ఎండిపోతే రోలర్లు ఒకే చోట ఒరుసుకుని షాఫ్ట్ మీద సన్నని గాడులు పెడతాయి. తుడిచి వెలుతురులో పెడితే అవి వరుసగా కనిపిస్తాయి, గోరు అడ్డంగా లాగితే ఒక్కొక్కటీ తగులుతుంది. గ్రీజు నిపుల్‌కు బయట నుంచి గన్ పెట్టి కొట్టినా, లోపల గట్టిపడిన పాత గ్రీజు దారి మూసివేయడం వల్ల కొత్తది బేరింగ్ దాకా చేరని యూనిట్లు కూడా మేము చూశాము. ఆ గాడుల వల్ల కలిగే ఆట, అంటే వదులుతనం, చక్రం దగ్గరికి వచ్చేసరికి పెరుగుతుంది, వేగం పెంచినప్పుడూ తగ్గించినప్పుడూ చక్రం ముఖం మారుతుంది. అటువంటి కారుకు గట్టి స్ప్రింగులు వేస్తే లోపం పోదు, మరింత మొరటుగా బయటపడుతుంది. అందువల్ల షాఫ్ట్‌లు, బేరింగ్‌లు, సీళ్లు, రబ్బర్లు సరిచేసి, కారును ఒకసారి నడిపి చూసుకున్న తరువాతే మార్పుల మాట ఎత్తమని కోరుతున్నాము. అలా నడిపి చూసిన కొందరు ఇక మార్పు అక్కరలేదని చెప్పి కారు తీసుకువెళ్లారు. మాకు ఆదాయం తగ్గినా అది సరైన నిర్ణయమే.

పాలీయూరిథేన్ బుష్‌ల విషయంలో మా నిర్ణయం ఇది: రేడియస్ ఆర్మ్ ముందు కొసన వాటిని మేము వేయము. చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు విష్‌బోన్ ఒక చాపంలో, రేడియస్ ఆర్మ్ మరొక చాపంలో కదులుతాయి, ఆ రెండింటి మధ్య తేడాను మింగేది ముందు కొసనున్న రబ్బరు బుష్. దాని స్థానంలో గట్టి పదార్థం పెడితే ఆ ఒత్తిడంతా బాడీ మీద బుష్ కూర్చునే చోటికి చేరుతుంది. ఇన్నేళ్ల కార్లలో సహజంగానే తుప్పు పట్టే ఆ రేకు ఎక్కువ కాలం తట్టుకోదు. కేజ్‌ను రబ్బరు లేకుండా బాడీకి నేరుగా బిగించే పనిని ట్రాక్ మీద మాత్రమే నడిపే కార్లకే చేస్తాము.

కారు ఎత్తు తగ్గించమని అడిగేవారు ఒక సంగతి గమనించాలి. హాఫ్ షాఫ్ట్ కంటే విష్‌బోన్ పొడవు ఎక్కువ కనుక, కారు కిందికి దిగిన కొద్దీ చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. చక్రం నిలువు నుంచి ఇలా వాలే కోణాన్నే క్యాంబర్ అంటారు, లోపలికి వాలితే మైనస్. ఫ్యాక్టరీ నిర్ణయించిన వెనుక క్యాంబర్ మైనస్ 0.75 డిగ్రీ, పావు డిగ్రీ అటూ ఇటూ. హాఫ్ షాఫ్ట్ ఫ్లాంజ్‌కూ బ్రేక్ డిస్క్‌కూ మధ్య ఉంచే షిమ్‌లతో (పలుచని లోహపు బిళ్లలతో) దీనిని సరిచేస్తారు; 0.020 అంగుళాల షిమ్ ఒకటి దాదాపు పావు డిగ్రీ మారుస్తుంది. పొట్టి స్ప్రింగులు వేసి షిమ్‌లు మార్చకుండా వదిలేస్తే టైరు లోపలి అంచు త్వరగా అరిగిపోతుంది. ఇకపై స్ప్రింగుల పనిలో క్యాంబర్ కొలత, షిమ్‌ల మార్పు విడదీయరాని భాగంగా ఉంటాయి. సర్దుబాటు డ్యాంపర్లు కోరేవారికి నాలుగింటినీ ఒకే అమరికలో ఇస్తాము. ఒకే వైపున్న రెండింటి గట్టిదనం వేరువేరుగా ఉంటే విష్‌బోన్ మెలితిరుగుతుంది కాబట్టి, చేతికి అందుతున్నవాటినే తిప్పి ఊరుకోవద్దు.

బ్రేకులను చక్రాల దగ్గరికి మార్చమన్న కోరిక అర్థం చేసుకోదగినదే. డిఫరెన్షియల్ పక్కనున్న డిస్కుల వేడికి అవుట్‌పుట్ షాఫ్ట్ ఆయిల్ సీళ్లు గట్టిపడి, నూనె కారి డిస్కుల మీదే పడుతుంది. ప్యాడ్లు మార్చాలన్నా కారు కిందికి దూరాలి. ఇదే వంశానికి చెందిన ఎక్స్‌జేఎస్ కారు చివరి సంవత్సరాల్లో జాగ్వార్ కూడా బ్రేకులను బయటికి తెచ్చింది. అయితే ఈ-టైప్‌లో బ్రేకు వేసినప్పుడు పుట్టే మెలి కేజ్ మీద పడేలా లెక్క వేశారు. క్యాలిపర్‌ను (డిస్కును నొక్కి పట్టే భాగాన్ని) చక్రం మధ్యనున్న హబ్ మీదికి తెస్తే ఆ బలం అల్యూమినియం హబ్ క్యారియర్ ద్వారా విష్‌బోన్ మీదికి వస్తుంది, చక్రంతో పాటు ఎగిరిపడే బరువూ పెరుగుతుంది. వేడి తట్టుకునే సీళ్లు, గాలి సోకే డిస్కులు, తాజా నూనె, ఈ మూడూ రోడ్డు మీద నడిపేవారికి చాలని మా అనుభవం. బయటి బ్రేకుల మార్పును ప్రస్తుతానికి చేపట్టడం లేదు.

ఆలస్యానికి మరొక కారణం కొత్త భాగాల నాణ్యత. ఇటీవల ఒక సరఫరాదారు పంపిన షాఫ్ట్‌ల వ్యాసం కొసకూ మధ్యకూ ఒకేలా లేకపోవడంతో వాటిని తిప్పి పంపాము. యూనిట్‌ను దించాలంటే బ్రేక్ పైపులు, హ్యాండ్ బ్రేక్ కేబుల్, ప్రొపెల్లర్ షాఫ్ట్, యాంటీ రోల్ బార్ లింకులు, రేడియస్ ఆర్మ్‌లు అన్నీ విడదీయాలి. నాసిరకం బేరింగ్ కోసం అదంతా మళ్లీ విప్పే పరిస్థితి మీకు రాకూడదు కనుక, వచ్చిన ప్రతి భాగాన్నీ మైక్రోమీటర్‌తో కొలిచే వరకు బిగించము.

ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవారిలో ఈ పద్ధతి నచ్చనివారు అడిగితే మొత్తం తిరిగి ఇస్తాము, కారణం చెప్పనవసరం లేదు. కొనసాగేవారికి యూనిట్ విప్పిన రోజున కొలతల పత్రం, ఫొటోలు పంపుతాము. తీసివేసిన భాగాలన్నీ మీకే అప్పగిస్తాము. కారు తెచ్చే ముందు దయచేసి అడుగుభాగాన్ని కడిగించవద్దు. నూనె ఎక్కడి నుంచి కారుతోందో, ఏ రబ్బరు దగ్గర లోహం ఒరుసుకుని మెరుస్తోందో ఆ మురికి మీదే ఆనవాళ్లుంటాయి, మా పరిశీలన అక్కడి నుంచే మొదలవుతుంది.