ఈ దీపావళికి మా సున్నిపిండిలో పడినది కస్తూరి పసుపు కాదు

మా సున్నిపిండిని ఏళ్ల తరబడి నమ్మి వాడుతున్న వారందరికీ నమస్కారం. సెప్టెంబరు 8 నుంచి అక్టోబరు 14 వరకు మేము కట్టిన సున్నిపిండి పొట్లాలలోనూ, అదే రోజుల్లో విడిగా అమ్మిన కస్తూరి పసుపు పొడిలోనూ ఉన్నది కస్తూరి పసుపు కాదు. దీపావళి తలంటుకు మా దగ్గర కొనుక్కుని వెళ్లినవారిలో చాలామందికి ఆ పొట్లాలే వెళ్లాయి. తువ్వాలుకు మరక అంటిందని కొందరు ఫోను చేసి అడిగారు, మరికొందరు మొహమాటానికి ఊరుకుని ఉంటారు. అందరికీ ఒకే మాట చెప్పాలని ఇది రాస్తున్నాను.

కస్తూరి పసుపు మన వంట పసుపుకు దగ్గరి చుట్టమే కాని, గుణం వేరు. శాస్త్రజ్ఞులు దానిని కుర్కుమా అరోమాటికా అనీ, ఆయుర్వేద వైద్యులు వనహరిద్ర అనీ అంటారు. దుంపను కోస్తే వంట పసుపులోని నారింజ ఛాయ కనిపించదు, మీగడలో చిటికెడు పసుపు కలిపినంత లేత రంగు ఉంటుంది. ఎండు ముక్కను విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంటే కర్పూరం డబ్బా మూత తీసినట్లుంటుంది, దాని తైలంలో నిజంగానే కర్పూరం ఉంది మరి. వంట పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్ ఇందులో చాలా తక్కువ కాబట్టి ముఖానికి రాసుకుని కడుక్కుంటే పచ్చదనం నిలవదు. ఉద్యోగాలకు వెళ్లే ఆడవాళ్లు దీనిని ఏరికోరి అడిగేది అందుకే. భావప్రకాశ నిఘంటువు అనే పాత ఆయుర్వేద గ్రంథంలో అడవి పసుపు దుంపను చర్మరోగాలకూ, కీళ్లు వాచి నొప్పి పెట్టే వాతరక్తానికీ చెప్పారు. ఇళ్లలో బెణికిన చోటా, దెబ్బ తగిలి కమిలిన చోటా అరగదీసి పట్టు వేస్తారు. చేదు, ఘాటు ఎక్కువ కనుక కూరలో మాత్రం వేయరు.

మాది తెనాలి. పసుపు యార్డు ఉన్న దుగ్గిరాల మాకు అరగంట దూరం. అంత దగ్గరలో పసుపు బస్తాలు గుట్టలుగా పడి ఉన్నా, కస్తూరి పసుపు మాత్రం మేము బయటి రాష్ట్రం నుంచే తెప్పించుకోవాలి. మా అత్తయ్యగారు ఈ పని మొదలుపెట్టిన నాటి నుంచి ఒకటే నియమం: ముక్కలుగా ఎండబెట్టిన దుంపే కొనాలి, పొడి కొనకూడదు. ముక్కను చూడవచ్చు, విరవవచ్చు, వాసన చూడవచ్చు. పొడిలో ఏమి కలిసిందో కంటితో చెప్పడం కష్టం. ఈ ఆగస్టులో మాకు పదకొండేళ్లుగా సరుకు పంపుతున్న వ్యాపారి, ముక్కలు దొరకడం లేదనీ, అదే దుంపను తానే దగ్గరుండి పట్టించి పంపుతాననీ అన్నాడు. పండుగ ముందు ఖాళీ డబ్బాలతో కూర్చోలేక సరేనన్నాను. నియమం తప్పింది అక్కడే, తప్పించినది నేనే.

నలభై కిలోల బస్తా వచ్చింది. విప్పినప్పుడు రంగు కాస్త ముదురుగా ఉందని అనిపించిన మాట నిజం. వాసన ఉంది కాని పైపైన ఉంది. కొత్త సరుకు కదా, మర పట్టినప్పుడు వేడికి వాసన తగ్గి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. దీపావళి మర్నాడు విజయవాడ నుంచి మా పాత ఖాతాదారు ఒకావిడ ఫోను చేసి, "ఏమ్మా, కస్తూరి పసుపు మానేసి వంట పసుపు పోస్తున్నారా? పిల్లవాడి తెల్ల బనీను చూడు, గంధం పూసినట్లుంది" అన్నారు. దానికి నేను, "మీ బోరు నీళ్ల వల్ల అయి ఉంటుంది పిన్నిగారూ" అన్నాను. ఆ జవాబు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆవిడకు విడిగా క్షమాపణ చెప్పుకున్నాను, ఇక్కడ మరోసారి చెబుతున్నాను.

ఆ సాయంత్రం అత్తయ్యగారు తాంబూలం పళ్లెంలోని సున్నం తీసి, రెండు తమలపాకుల మీద రాశారు. ఒకదాని మీద డబ్బా అడుగున మిగిలిన పాత ముక్కను నూరి వేశారు, రెండోదాని మీద కొత్త పొడి. పాతది సున్నంతో కలిసి కొద్దిగా రంగు మారి ఊరుకుంది. కొత్తది క్షణంలో పెళ్లికూతురి పారాణిలా ఎర్రబడింది. పసుపూ సున్నమూ కలిస్తే పారాణి అవుతుందని తెలియని తెలుగు ఇల్లు ఉండదు, అంత ఎరుపు రావాలంటే అందులో కుర్కుమిన్ దండిగా ఉండాలి. ఫార్మసీ కళాశాలలో పాఠాలు చెప్పే మా ఖాతాదారు ఒకరు ఆ పొడిని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కూడా పరీక్షించారు. ఆమ్లం పడితే పసుపు గులాబీ రంగుకు తిరుగుతుంది, మెటానిల్ ఎల్లో అనే బట్టల రంగు కలిపి ఉంటే ఆ గులాబీ రంగు నీళ్లు పోసినా పోదు. మా పొడిలో అది నీళ్లతో పోయింది. అంటే మెటానిల్ ఎల్లో కలపలేదు, కలిపినది వంట పసుపే అయి ఉండాలి. వాడినవారు కంగారు పడవలసిన పని లేదని ఆయన అన్నారు. అయినా ఎవరికైనా దద్దురు వచ్చి ఉంటే వాడకం ఆపి, వైద్యులకు చూపించి, నాకూ చెప్పండి.

వ్యాపారిని అడిగితే దబాయించలేదు. "కస్తూరి పేరుతో అందరూ అమ్మేది ఇదేనండీ, మీరొక్కరే ఇంత పట్టింపు పడతారు" అన్నాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. కేరళలో మంజకూవ అనే మరో దుంప కూడా కస్తూరి పేరుతో బజారులో చెలామణి అవుతుంది, చాలామంది కొనేవారికి ఆ సంగతి తెలియదు. కాని పదకొండేళ్లు నా ముక్కల సంచిని తూచి పంపిన మనిషికి తెలుసు. పట్టింపు అనే మాటను అతను తప్పులా పలికినందుకు నాకు డబ్బు నష్టం కన్నా ఎక్కువ నొప్పి కలిగింది.

ఆ తరువాతే అసలు చిక్కు వచ్చింది. మిగిలిన ఇరవై ఆరు కిలోలు వెనక్కు పంపితే పైకం తిరిగి ఇస్తానని అతనే అన్నాడు. మా వారు పంపేయమన్నారు. లెక్క ప్రకారం ఆయన మాటే సరైనది, మాలాంటి చిన్న అంగడికి అది రెండు నెలల అద్దె. నాలుగు రాత్రులు ఆలోచించాను. పంపితే ఆ బస్తా అతని గోదాములో ఒక వారం ఉండి, కస్తూరి పసుపు అన్న చీటీతోనే మరో ఊరికి, నాలాంటి మరొకరి దగ్గరికి వెళుతుంది. వంట పసుపుగానైనా అమ్మేద్దామంటే, అందులో ఇంకేమి కలిసిందో ప్రయోగశాలకు పంపి తేల్చుకోకుండా తినే వస్తువుగా ఎలా అమ్మడం? ఐదో రోజు ఉదయం పంపడం లేదని చెప్పేశాను. మా వారు రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. అది మొండితనమే అయితే కానివ్వండి.

ఇకపై సంగతి. కొత్త పంట దుంపలు తవ్వి, కోసి, ఎండబెట్టి నా చేతికి వచ్చేసరికి ఫిబ్రవరి అవుతుంది. అంతవరకు సున్నిపిండిని కస్తూరి పసుపు లేకుండా, పెసలు, కచ్చూరాలు, బావంచాలు, ఎండు గులాబీ రేకులతో చేసి, ఆ మాట పొట్లం మీద రాసి, పావుకిలోకు ముప్పై రూపాయలు తగ్గించి ఇస్తాము. విడి పొడి ఇకపై ఎప్పుడూ అమ్మము. ఎండు ముక్కలే ఇస్తాము, సాన మీద మీరే అరగదీసుకోండి. ధర పెరుగుతుంది. మొటిమలు పోతాయని, అవాంఛిత రోమాలు రాలిపోతాయని పాత పొట్లాల మీద ఉన్న రాతను కూడా తీసేస్తున్నాను, ఎందుకంటే అవి నేను విన్న మాటలే కాని చూసిన ఫలితాలు కావు. కొత్త ముక్కనైనా ముందు మోచేతి లోపలి వైపు రాసి, ఒక రోజు ఆగి, ఆ తరువాతే ముఖానికి వాడండి.

పైన చెప్పిన తేదీల పొట్లం సగం వాడినదైనా, రసీదు లేకపోయినా తెచ్చివ్వండి, పూర్తి పైకం ఇస్తాను. దూరాన ఉన్నవారు పొట్లం మీది తేదీ ఫొటో తీసి పంపితే చాలు. అంగడికి వచ్చేవారికి గుమ్మం పక్కనే మూతి కుట్టిన బస్తా ఒకటి కనిపిస్తుంది. దాని మీద అత్తయ్యగారు బొగ్గుతో "ఇది కస్తూరి కాదు, అమ్మకానికి లేదు" అని రాశారు.