పగడాల తొట్టిని ఒక్క రోజులో మార్చకండి

సంపాదకుల గారికి,

మీ ఆదివారం పేజీల్లో ఇంటి అలంకరణ మీద వచ్చిన వ్యాసంలో హాలు గోడంతా పరుచుకున్న, బతికున్న పగడాల అక్వేరియం ఫొటో చూశాను. ఫొటో చాలా బాగుంది. దాని కింద రాసిన నాలుగు వాక్యాలు చదివాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. చిన్న తొట్టి ఉన్నవాళ్ళు ఒక్క వారాంతంలో పెద్దదానికి మారిపోవచ్చని, పాత నీళ్ళూ పాత ఇసుకా అలాగే పోసేస్తే చేపలకు తేడా కూడా తెలియదని రాశారు. దయచేసి అలా రాయకండి. నేను అచ్చంగా ఆ పనే చేశాను, ఏం జరిగిందో చెబుతాను.

ఏడేళ్ళ కిందట నా దగ్గర 200 లీటర్ల తొట్టి ఉండేది. 450 లీటర్లది ఇంటికి వచ్చిన రోజే ఆగలేక మార్చేశాను. పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి పాత నీళ్ళు, రాళ్ళు, ఇసుక అన్నీ అందులోకి చేర్చాను. ఇసుకని గిన్నెతో తోడుతుంటే బూడిద రంగు మబ్బు లేచింది, కుళ్ళిన గుడ్ల వాసన వచ్చింది. కాసేపట్లో అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను. రాత్రి పరీక్ష చేస్తే అమోనియా కనిపించింది, తెల్లారేసరికి రెండు చేపలు పోయాయి. నా ఫ్రాగ్‌స్పాన్ పగడం రెండు తలలతో వచ్చి నాలుగేళ్ళలో పద్నాలుగు తలలైంది. వారం తిరక్కుండా దాని కండ అంతా కరిగిపోయి తెల్లటి అస్థిపంజరం మిగిలింది. దాన్ని ఇప్పటికీ పారేయలేదు.

ఎందుకలా జరిగిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇసుక అడుగు పొరల్లోకి ఆక్సిజన్ చేరదు, ఏళ్ళ తరబడి చేరిన వ్యర్థం అక్కడే ఉంటుంది, దాన్ని తినే సూక్ష్మజీవులు హైడ్రోజన్ సల్ఫైడ్‌ని తయారుచేస్తాయి. కదిలించకపోతే దాని మానాన అది ఉంటుంది. ఒక్కసారిగా తోడితే ఆ విషమంతా నీళ్ళలోకి వస్తుంది. ఇక పాత నీళ్ళు పోస్తే మంచి బ్యాక్టీరియా వచ్చేస్తుందన్నది చాలామంది నమ్మే మాట, కానీ అమోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం రాళ్ళమీద, ఇసుక రేణువుల మీద అంటుకుని బతుకుతుంది. నీళ్ళలో ఉండేది చాలా తక్కువ. కాబట్టి పాత రాయి తడి ఆరకుండా తెచ్చుకోవాలి, పాత ఇసుకని మాత్రం నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి, లేదంటే కొత్త ఇసుకే వాడాలి. విత్తనంగా పై పొర నుంచి ఒక గుప్పెడు వేస్తే చాలు.

ఇప్పుడు మళ్ళీ పెద్దదానికి మారుతున్నాను. పొడవు 180, వెడల్పు 75, ఎత్తు 65 సెంటీమీటర్లు, అంటే అంచుదాకా నింపితే 877 లీటర్లు. నాలుగు నెలలుగా ఇదంతా కాగితం మీదే నడుస్తోంది. ఇంట్లోవాళ్ళు ఎప్పుడు కొంటావని అడుగుతున్నారు. ఈసారి నేను పట్టుకున్న నియమం ఒకటే: పాత తొట్టి ఆగకూడదు. కొత్తది పక్కన నిలబడి, నీళ్ళు పట్టి, దాని బ్యాక్టీరియా అది పెంచుకుని, కనీసం రెండు నెలలు నడిచాకే ప్రాణులు అటు వెళ్ళాలి. దీనికి రెండో చోటు, రెండో సెట్టు పంపులు, హీటర్లు కావాలి, ఖర్చవుతుంది. అది భరించలేకపోతే చిన్న తొట్టితోనే ఉండటం మంచిదని నా అభిప్రాయం, దాంట్లో తక్కువతనం ఏమీ లేదు.

ముందు నేల సంగతి. సముద్రపు నీళ్ళు లీటరుకి కిలో మీద పాతిక గ్రాములు తూగుతాయి. అంటే నా తొట్టిలో నీళ్ళే దాదాపు 900 కిలోలు. దానికి దళసరి గాజు, రాళ్ళు, ఇసుక, స్టాండు, కింద నీళ్ళతో ఉండే సంప్ (పై తొట్టి నీళ్ళు దిగి, పంపుతో మళ్ళీ పైకెళ్ళే రెండో తొట్టి) కలిపితే దాదాపు ఒకటిన్నర టన్ను. ఇదంతా ఒకటింబావు చదరపు మీటరు కంటే కాస్త ఎక్కువ చోటులో నిలబడుతుంది. ఇళ్ళలో గదుల నేలని సాధారణంగా చదరపు మీటరుకు 150 నుంచి 200 కిలోల లెక్కన కడతారు. ఆ లెక్క గది మొత్తం మీద పరుచుకునే బరువుకి కాబట్టి దాటగానే నేల కూలిపోతుందని కాదు, కానీ దూలం ఏ దిక్కుగా ఉంది, తొట్టి దానికి అడ్డంగా ఉందా నిలువుగా ఉందా, గోడకి ఎంత దగ్గర అన్నది స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి చెప్పాల్సిందే. తొట్టి అమ్మేవాళ్ళ మాటో, అలాంటిది పెట్టుకున్న స్నేహితుడి మాటో ఇక్కడ పనికిరాదు. స్టాండు మట్టం కూడా చూసుకోవాలి, ఒక మూల రెండు మిల్లీమీటర్లు దిగినా ఆ ఒత్తిడంతా సిలికాన్ అతుకుల మీద పడుతుంది.

తర్వాత కరెంటు పోయిన నిమిషం. దీని గురించి ఎవరూ మాట్లాడరు, నాకైతే మొత్తం ప్లానులో ఇదే ముఖ్యం. పంపు ఆగగానే పై తొట్టిలో నీళ్ళు ఓవర్‌ఫ్లో పళ్ళ (సంప్‌లోకి నీళ్ళు జారే గట్టు) మట్టానికి దిగుతాయి. నా కొలతలతో ఒక్క సెంటీమీటరు మట్టం దిగితే 13 లీటర్ల పైన కిందికి వస్తాయి, రెండు మూడు సెంటీమీటర్లు దిగి, పైపుల్లో ఉన్నవి కూడా కలిస్తే 50 లీటర్లు. అంత ఖాళీ సంప్‌లో ఎప్పుడూ ఉండాలి. అసలు ప్రమాదం సంప్ నుంచి నీళ్ళని పైకి తెచ్చే రిటర్న్ పైపు దగ్గర ఉంది. దాని మూతి నీటి మట్టానికి 10 సెంటీమీటర్ల కింద ఉంటే, పంపు ఆగగానే అదే పైపు సైఫన్ అయి వెనక్కి లాగుతుంది, 135 లీటర్లు కిందికి, సంప్‌లో పట్టనిదంతా నేలమీద! సైఫన్ తెగడానికి పెట్టే చిన్న కన్నం నాచుతోనో నత్తతోనో మూసుకుపోతుంది, నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వు మీద సున్నం పేరుకుని సరిగ్గా మూసుకోదు. అందుకని మూతిని నీటి మట్టానికి అంగుళం లోపే పెట్టుకుని, నింపిన మొదటి రోజే పంపు ఆపి సంప్ ఎక్కడిదాకా నిండుతుందో కళ్ళారా చూసి, అక్కడ గీత గీసుకోవాలి.

కరెంటు ఎక్కువసేపు రాకపోతే ముందు చచ్చేది ఊపిరాడక చేపలు, పగడాలు వాటికంటే కాసేపు ఓర్చుకుంటాయి. బ్యాటరీ మీద నడుస్తూ నీళ్ళని కదిలించే ఒక వేవ్‌మేకరో చిన్న ఎయిర్ పంపో ఉంటే చాలు, లైట్లు గంటల తరబడి లేకపోయినా పర్వాలేదు. హీటరు విషయంలో, పెద్దది ఒకటి కాకుండా చిన్నవి రెండు పెట్టి బయటనుంచి కంట్రోలర్‌తో నడపాలి. హీటర్లు పాడైతే ఒక్కోసారి ఆగిపోకుండా ఆన్‌లోనే ఇరుక్కుపోతాయి, పెద్ద హీటరైతే ఒక్క రాత్రిలో తొట్టినంతా ఉడికించేస్తుంది. ప్లగ్గుల దగ్గరికి వెళ్ళే వైరు ముందు కిందికి దిగి మళ్ళీ పైకెక్కేలా వదలాలి, కారిన నీటి చుక్క అక్కడే రాలిపోతుంది. కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే బ్రేకరు లేకుండా ఉప్పునీళ్ళలో చెయ్యి పెట్టొద్దు.

నీళ్ళ మోత కూడా ముందే లెక్కేసుకోండి. తొట్టీ సంపూ కలిపి మొత్తం 1000 లీటర్ల వ్యవస్థలో పదో వంతు మార్చాలంటే 100 లీటర్లు, దానికి మూడున్నర కిలోలకి పైగా ఉప్పు, అదీ వడపోసి లవణాలు తీసేసిన ఆర్‌ఓ డీఐ నీళ్ళలో. బకెట్లతో మొదటి రెండు నెలలు ఉత్సాహంగా మోస్తారు, తర్వాత వాయిదాలు మొదలవుతాయి, నా 450 లీటర్ల తొట్టితోనే నాకది అనుభవం. ఉప్పునీళ్ళు కలిపే డ్రమ్ము, అక్కడినుంచి తొట్టిదాకా పైపు, మురికి నీళ్ళు పోయే దారి, ఇవి తొట్టి కంటే ముందు ఉండాలి. ఆవిరైపోయేది కూడా తక్కువేం కాదు, గదిని బట్టి రోజుకి 5 నుంచి 10 లీటర్లు. నీరు పోతుంది, ఉప్పు అందులోనే ఉంటుంది కాబట్టి మంచినీళ్ళే కలపాలి, దానికి మట్టం తగ్గగానే తనంతట తనే నీళ్ళు పోసే ఆటోమేటిక్ టాప్ ఆఫ్ కావాలి. ఆ తేమంతా ఆ గదిలోకే వెళ్తుంది కదా, గాలి బయటికి పోయే దారి లేకపోతే గోడలకు బూజు పడుతుంది.

లైట్ల మీద పెద్దగా రాయను, అందరూ దానిమీదే చదువుతారు. ఒక్కటే చెబుతాను: కొత్త లైటు పాతదానికంటే బలంగా ఉంటే సగం కంటే తక్కువలో మొదలుపెట్టి నెలా నెలన్నరలో పెంచండి. పగడం కండలో ఉండే సూక్ష్మమైన ఆల్గేయే దానికి తిండి పెడుతుంది. లైటు దెబ్బ తగిలితే పగడం ఆ ఆల్గేని బయటికి తోసేసి తెల్లబడిపోతుంది.

నీళ్ళ రసాయనంలో నేను గట్టిగా పట్టించుకునేది ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి. సముద్రంలో అది సుమారు 7 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం), ఇళ్ళలో 7 నుంచి 11 మధ్య ఎక్కడ ఉంచినా పగడాలు బతుకుతాయి, ఆ అంకె ఊగితే మాత్రం బతకవు. ఉప్పు బ్రాండుని బట్టి కలిపిన నీళ్ళు కొన్ని 8 దగ్గర, కొన్ని 11 పైన ఉంటాయి. పాత తొట్టి 8లో నడుస్తూ కొత్తది 11తో సిద్ధమైతే, మార్చిన వారంలో కొమ్మల కొసలు కాలిపోయినట్టు తెల్లబడతాయి. కాబట్టి మార్చడానికి ముందే ఆల్కలినిటీ, ఉప్పు సాంద్రత 1.025, వేడి 25 డిగ్రీలు, కాల్షియం లీటరుకి 420 మిల్లీగ్రాముల దగ్గర, ఈ నాలుగూ రెండు తొట్లలో ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోవాలి. నైట్రేటు, ఫాస్ఫేటు సున్నాకి తేవాలని పట్టుబట్టకండి. ఎండు రాళ్ళతో మొదలైన కొత్త తొట్టిలో అవి రెండూ సున్నా అయితే డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు జిగురు తీగల్లా కమ్ముకుంటాయి, వాటిని వదిలించుకోవడం నెలల పని. దీనికి నేను చేస్తున్నదేంటంటే, కొత్త తొట్టిలో వేసే సిరామిక్ దిమ్మల్ని ఇప్పటినుంచే పాత సంప్‌లో వేసి, అక్కడి సూక్ష్మజీవులు వాటికి పట్టుకునేలా నానబెడుతున్నాను.

ఒక ప్రమాదం గురించి మీ పేపరు తప్పకుండా వేయాలి. జోవాంథిడ్లు, పాలిథోవా అనే బొత్తాల్లాంటి మెత్తటి పగడాలు చాలామంది తొట్లలో ఉంటాయి. వాటిలో కొన్నిటిలో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. తొట్టి మార్చే రోజు రాళ్ళు శుభ్రం చేద్దామని వాటిని వేడినీళ్ళలో ముంచితే, ఉడకబెడితే, బ్రష్షుతో గీకితే ఆ విషం ఆవిరిలోనూ తుంపర్లలోనూ గాల్లోకి లేస్తుంది, అలా కుటుంబాలకు కుటుంబాలు ఆసుపత్రి పాలైన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. రాయిని ఎప్పుడూ ఉడకబెట్టకండి. చేతికి గ్లోవ్సు, కళ్ళకు అద్దాలు లేకుండా ముట్టుకోకండి, పిల్లల్నీ పెంపుడు జంతువుల్నీ ఆ రోజు ఆ గదిలోకి రానివ్వకండి.

తొట్టి పెద్దదైందని చేపల్ని గబగబా తెచ్చిపడేయడం ఇంకో తప్పు. బ్లూ టాంగ్ అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడు అమ్ముతారు, అది 30 సెంటీమీటర్ల దాకా పెరిగే చేప. తెల్ల మచ్చల జబ్బు తెచ్చే క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి ఒక్కసారి ప్రవేశిస్తే, దానికి వాడే రాగి మందు పగడాలనీ రొయ్యలనీ నత్తలనీ చంపేస్తుంది కాబట్టి అసలు తొట్టిలో వేయలేం. చేపలన్నిటినీ వేరే తొట్టిలోకి తీసి వైద్యం చేస్తూ, పెద్దదాన్ని 76 రోజులు చేపల్లేకుండా ఉంచాలి. దానికంటే ప్రతి కొత్త చేపనీ ముందే కొన్ని వారాలు విడిగా ఉంచడం ఎంతో తేలిక.

కొనే పగడమో చేపో ఎక్కడినుంచి వచ్చిందో కూడా అడగండి. రాతి పగడాలన్నీ వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి, కాగితాలు లేకుండా దేశాలు దాటకూడదు, ఆపైన ఎవరి దేశపు చట్టం వారికి ఉంటుంది. ఇండోనేషియాలో బంగాయ్ దీవుల దగ్గర మాత్రమే సహజంగా పుట్టే బంగాయ్ కార్డినల్ చేప, ఇళ్ళలో పెంచడానికి పట్టీ పట్టీ అంతరించే ప్రమాదంలో పడింది. అదే చేప తొట్లలో హాయిగా పిల్లలు పెడుతుంది, అలా పుట్టినవే కొనొచ్చు కదా. ఎల్లో టాంగ్‌ని కూడా హవాయిలో 2015లో తొట్టిలోనే పుట్టించి పెంచారు. మిగిలిపోయినవాటిని సముద్రంలో వదలడం మాత్రం వద్దే వద్దు. 1984లో మొనాకో దగ్గర మధ్యధరా సముద్రంలో కనిపించిన కాలర్పా నాచు అక్వేరియం నుంచి వెళ్ళిందే, అడుగంతా తివాచీలా పరుచుకుపోయింది.

సంపాదకుల గారూ, ఇంకోసారి ఇలాంటి ఫొటో వేసేటప్పుడు ఆ ఇంటివాళ్ళని రెండు ప్రశ్నలు అడిగి జవాబులు కూడా వేయండి. పాత తొట్టిని పక్కన ఎన్ని నెలలు నడిపారు, మార్చేటప్పుడు ఎన్ని ప్రాణులు పోయాయి అని. ఆ ఫొటో చూసి ఉత్సాహపడేవాళ్ళకి సోఫా రంగు కంటే ఆ జవాబులే ఉపయోగపడతాయి.

నేను ఇంకా గాజు ఆర్డరు ఇవ్వలేదు. పోయిన వారం ఇంజినీరు వచ్చి నేల చూసి, నేను అనుకున్న గోడకి కాకుండా పక్క గోడకి ఆనించమన్నారు, అప్పుడైతే బరువు రెండు దూలాల మీద పంచుకుంటుందట. దాంతో పైపుల బొమ్మంతా మొదటినుంచి మళ్ళీ గీస్తున్నాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు