బ్యాటరీలతో నడిచే వాల్వు ప్రీఆంప్ పూర్తయింది, సాయపడ్డ అందరికీ కృతజ్ఞతలు

రెండు డీఎల్96 వాల్వులు (పాత రేడియోల్లో ఉండే గాజు బుడ్లు), రెండు పెన్సిల్ సెల్లు, పది 9 వోల్టుల బ్యాటరీలు. మా ఇంట్లో స్టీరియో ప్రీఆంప్ (పాట సిగ్నల్‌ను పవర్ ఆంప్‌కి పంపేముందు కాస్త పెంచే డబ్బా) ఇప్పుడు వీటితోనే నడుస్తోంది. కరెంటు ప్లగ్గు లేదు, ట్రాన్స్‌ఫార్మర్ లేదు. పాట ఆపి, వాల్యూమ్ మొత్తం పెంచి, ట్వీటర్‌కి చెవి ఆనించినా సన్నగా 'స్స్' అనే చప్పుడు తప్ప హమ్ (ఇంటి కరెంటు వల్ల వచ్చే సన్నని మోత) వినపడదు. డ్రాయింగ్ దగ్గర్నుంచి డబ్బా మూత దాకా ఇందులో ఎవరో ఒకరి సలహా లేని భాగం లేదు. వాళ్ళందరికీ ఫోన్‌లో థ్యాంక్స్ చెప్పి ఊరుకోవడం నాకు సరిపోలేదు. ఎవరు ఏం నేర్పారో అందరికీ తెలియాలి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు అసలు బ్యాటరీ ఎందుకో చెప్పాలి. మన ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 సైకిళ్ళు. దాన్ని రెక్టిఫై చేశాక, అంటే డీసీగా మార్చాక, 100 సైకిళ్ళ రిపుల్ (చిన్న అల) మిగులుతుంది. మంచి ఫిల్టర్లు పెడితే చాలావరకు పోతుంది. కానీ ప్రీఆంప్‌లో ఏ కాస్త మిగిలినా వెనక ఉన్న పవర్ ఆంప్ దాన్ని కూడా పాటతో పాటే పెంచేస్తుంది. పైగా మామూలు వాల్వులో వేడిచేసే హీటర్ వేరు, ఎలక్ట్రాన్లు వదిలే కాథోడ్ వేరు. పాత బ్యాటరీ రేడియోల వాల్వుల్లో వేడెక్కే సన్న తీగ, అంటే ఫిలమెంటే కాథోడ్. దానికి ఏసీ ఇచ్చామంటే హమ్ నేరుగా సిగ్నల్‌లో కలిసినట్టే. అందుకే ఈ జాతి వాల్వులకు సెల్లు భలే కుదురుతాయి. కరెంటు కూడా ఎంత తక్కువ తాగుతాయో చూడండి: చాలామంది వాడే 12ఏఎక్స్7కి హీటర్ ఒక్కదానికే సుమారు 1.9 వాట్లు కావాలి. డీఎల్96 ఫిలమెంటుకి 1.4 వోల్టుల దగ్గర 50 మిల్లీ ఆంపులు చాలు, అంటే 0.07 వాట్లు. లెక్క ప్రకారం 2000 మిల్లీ ఆంప్ అవర్ల రీచార్జబుల్ సెల్లు ఒకటి 40 గంటలు వస్తుంది.

మొదటి నమస్కారం తెనాలిలోని మా రేడియో బాబాయ్ గారికి. ఆయన నాన్నగారి స్నేహితులు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. మా వైపు పల్లెలకు కరెంటు ఇంకా రాని రోజుల్లో విజయవాడ ఆకాశవాణి వినాలంటే బ్యాటరీ సెట్టే గతి. ఫిలమెంట్లకు ఒకటిన్నర వోల్టు, ప్లేట్లకు (వాల్వు లోపల ఎలక్ట్రాన్లను లాక్కునే రేకులకు) 90 వోల్టులు ఇచ్చే పెద్ద డ్రై బ్యాటరీ ప్యాక్ ఉండేది. ఆ సెట్లు బాగుచేస్తూనే బాబాయ్ గారు పని నేర్చుకున్నారు. వాల్వులు ఎక్కడ దొరుకుతాయో చెప్తారేమోనని అడగడానికి వెళ్ళాను. ఆయన అటక మీద నుంచి ఒక అట్టపెట్టె దింపి, బెంగళూరు బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) కంపెనీ ముద్ర ఉన్న డీఎల్96లు నాలుగు తీసి నా చేతిలో పెట్టారు. డబ్బుల మాట ఎత్తితే ముఖం చిట్లించారు. "ఇన్నేళ్ళు దాచింది అమ్ముకోడానికా? పాడించు, చాలు" అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆయన బల్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నవి నాకు ఎక్కడా దొరికేవి కావు. వాల్వు కాళ్ళు నల్లగా ఆక్సైడ్ పట్టి ఉన్నాయి. బ్లేడు వీపుతో ఒక్కొక్క కాలు గీకి, రబ్బరుతో తుడిచి, వంకర ఉన్నవాటిని ముక్కు పటకారుతో కొద్దికొద్దిగా సరిచేసి, ఆ తర్వాతే సాకెట్‌లో పెట్టనిచ్చారు. వంకర కాలిని బలవంతంగా దూరిస్తే కాలి మొదట్లో గాజు చిట్లుతుంది, లోపలి వాక్యూమ్ పోతుంది.

ఫిలమెంట్ బతికుందో లేదో చూడబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. పాత ముల్లు మీటర్లు కొన్ని, ఓమ్స్‌లో కింది రేంజి మీద, 100 మిల్లీ ఆంపులకు పైగానే పంపిస్తాయట. వెంట్రుక కన్నా సన్నని ఫిలమెంట్ అక్కడే కాలిపోతుంది. డిజిటల్ మీటర్ వాడమన్నారు, లేదా పెన్సిల్ సెల్లుకి సిరీస్‌లో ఒక రెసిస్టర్ పెట్టి చూడమన్నారు.

ఇంకొకటి చెప్పారు, బ్యాటరీ వాల్వులు వాడే ప్రతి ఒక్కరూ పాటించాల్సింది. వైరింగ్ అంతా అయ్యాక, వాల్వులు పెట్టకముందే హెచ్‌టీ (ప్లేట్లకిచ్చే 90 వోల్టులు) కలపాలి. మీటర్ నల్ల ప్రాడ్ గ్రౌండ్ మీద ఉంచి, ఎర్ర ప్రాడ్‌తో ఖాళీ సాకెట్‌లో ఏడు కాళ్ళూ వరసగా తాకి చూడాలి. ప్లేటు, స్క్రీన్ (ప్లేటు ముందుండే జాలి) కాళ్ళ దగ్గర 90 రావాలి. ఫిలమెంట్ కాళ్ళ దగ్గర ఆ ఒకటిన్నర వోల్టు మించి ఏమీ రాకూడదు. ఒక్క సాల్డర్ చుక్క అటూ ఇటూ అయి 90 వోల్టులు ఫిలమెంట్‌కి తగిలితే వాల్వు రెప్పపాటులో పోతుంది. ఆ రోజుల్లో బ్యాటరీ సెట్లు ఎక్కువగా చచ్చిపోయింది ఇలాగేనని ఆయన అనుభవం. నేను ఇంట్లో పూర్తి చేశాక కూడా వీడియో కాల్‌లో కాలు కాలుకీ రీడింగ్ చదివించుకున్నారు. రెండో సాకెట్ అయిందాకా ఫోన్ పెట్టలేదు. ఎనభై దాటిన మనిషి, మంచినీళ్ళు కూడా తాగకుండా అంతసేపు కూర్చున్నారు. బాబాయ్ గారూ, మీ ఋణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలియదు.

రెండో నమస్కారం బెంగళూరులో ఉండే అన్నయ్యకి. మాకు చుట్టరికం లేదు. ఆడియో పిచ్చి ఒక్కటే కలిపింది. సర్క్యూట్ మొత్తం ఆయన తెల్లకాగితం మీద పెన్సిల్‌తో గీసి ఫోటో పంపినదే. డీఎల్96 నిజానికి పెంటోడ్, అంటే ఐదు ఎలక్ట్రోడ్ల వాల్వు. స్క్రీన్‌ను ప్లేటుకు కలిపి మూడు ఎలక్ట్రోడ్ల ట్రయోడ్‌లా వాడమన్నారు. ఫిలమెంట్ మధ్యలో ఒక ట్యాప్ ఉంటుంది కాబట్టి ఒకటి, ఏడు కాళ్ళు కలిపి ప్లస్‌కి, ఐదో కాలు మైనస్‌కి ఇస్తే ఒక్క సెల్లు చాలు. ప్లేటు లోడ్ 15 కిలో ఓమ్‌లు. ఒక్కో వాల్వు సుమారు రెండున్నర మిల్లీ ఆంపులు లాగుతోంది. రెండిటికీ కలిపి ఐదు. మంచి ఆల్కలైన్ 9 వోల్టుల బ్యాటరీ 500 మిల్లీ ఆంప్ అవర్లు ఇస్తుందనుకుంటే, పది కలిపిన ఆ వరస దాదాపు వంద గంటలు నడవాలి. గెయిన్, అంటే సిగ్నల్ పెరిగేది, ఐదు రెట్లకు అటూ ఇటూగా ఉంది. ఈ రోజుల్లో సీడీ ప్లేయరే 2 వోల్టులు ఇస్తుంటే అంతకన్నా ఎక్కువ ఏం చేసుకుంటాం?

నేను ఆయన్ని అందరికన్నా ఎక్కువ విసిగించింది ఒకే ప్రశ్నతో. రెండు వాల్వులకూ కలిపి ఒక పెద్ద సెల్లు పెడితే ఏం, విడివిడిగా ఎందుకు అని. ఆయన విసుక్కోకుండా చెప్పిన జవాబు ఇది. ఫిలమెంటే కాథోడ్ కాబట్టి, బయాస్ (పాట సిగ్నల్ అందుకునే గ్రిడ్‌ను ఫిలమెంట్ కన్నా కాస్త మైనస్‌లో ఉంచే వోల్టేజి) కోసం సెల్లు మైనస్‌కీ గ్రౌండ్‌కీ మధ్య ఒక కిలో ఓమ్ రెసిస్టర్ పెడుతున్నాం. ప్లేటు కరెంటు దాని గుండా పోయి, రెండున్నర వోల్టుల దాకా సెల్లుతో సహా ఫిలమెంట్‌ను పైకి లేపుతుంది. గ్రిడ్ మాత్రం గ్రౌండ్ దగ్గరే ఉంటుంది. ఇద్దరికీ ఒకే సెల్లయితే రెండు చానళ్ళ కరెంటూ ఒకే రెసిస్టర్‌లో పోతుంది, ఎడమ చానల్ కుడిలోకి కారుతుంది. ఒక వాల్వు ముసలిదైతే రెండోదాని బయాస్ కూడా మారుతుంది. విడి సెల్లు, విడి రెసిస్టర్ అయితే ఎవరి లెక్క వారిదే. ఇంత చిన్న మార్పు వెనక ఇంత కథ ఉందని తెలిశాక ఆ డ్రాయింగ్‌ను నేను చూసే చూపే మారిపోయింది.

బ్యాటరీలు పాతబడేకొద్దీ వాటి లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుందని, హెచ్‌టీ మీద 160 వోల్టుల 100 మైక్రోఫారడ్ కండెన్సర్ పెట్టించింది, స్విచ్ ఆపగానే అది ఖాళీ అయ్యేలా బ్లీడర్ రెసిస్టర్ వేయించింది కూడా అన్నయ్యే. తనకు ఆఫీసు, చిన్నపిల్లలు. అయినా రాత్రి పదకొండింటికి మెసేజ్ పెడితే పొద్దున లేచేసరికి జవాబు ఉండేది.

ఇంత చేశాక కూడా మొదట వాల్వు దగ్గర వేలు తగిలితే స్పీకర్‌లో గంట మోగినట్టు వినిపించేది. ఫిలమెంట్ సన్నన, అది వణికితే ఆ వణుకూ సిగ్నలే. మా వీధి చివర పంక్చర్ షాపు తమ్ముడు దీనికి మందు కనిపెట్టాడు. నేను రబ్బరు వాషర్లు అడగడానికి వెళ్తే విషయం కనుక్కుని, పాత సైకిల్ ట్యూబు చీల్చి నాలుగు పట్టీలు కోసిచ్చాడు. సాకెట్లు ఉన్న చిన్న అల్యూమినియం ప్లేటు ఇప్పుడు ఆ పట్టీల మీద వేలాడుతోంది. దానికి వెళ్ళే వైర్లు కూడా సన్నవి, కాస్త వదులుగా వేశాను. ఆ గంట పూర్తిగా పోలేదు కానీ పక్కన నడిచినా, తలుపు వేసినా ఇప్పుడేమీ వినపడదు. తమ్ముడూ, నువ్వు ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు. నీ షాపు ఎక్కడో అడిగినవాళ్ళందరికీ చెప్తున్నాను.

కోఠి గుజరాతీ గల్లీలో నేను సామాను కొన్న షాపు యజమానికి కూడా ధన్యవాదాలు. స్టీరియో వాల్యూమ్ కంట్రోల్‌లో రెండు భాగాలూ సమానంగా తిరగకపోతే పాట ఒక పక్కకు జరుగుతుంది. ఆయన డబ్బా మొత్తం ముందు పెట్టి, మీటర్ ఇచ్చి, నచ్చినది ఏరుకోమన్నారు. రద్దీ వేళలో అంత ఓపిక ఎవరికి ఉంటుంది!

చివరిగా, పాలిటెక్నిక్‌లో చెప్పి రిటైరైన మా మేడమ్ గారు. తన ఇంట్లో ఆసిలోస్కోప్ (సిగ్నల్‌ను తెర మీద అలగా చూపే పరికరం) ఉంది, ప్రీఆంప్ తీసుకురమ్మన్నారు. బ్యాటరీ పెడితే హమ్ అసలే రాదన్న నమ్మకం చాలామందిలో ఉంటుంది. మేడమ్ గారు మూత తీసి స్కోప్ పెట్టి చూపించారు. స్క్రీన్ మీద 50 సైకిళ్ళ అల స్పష్టంగా ఉంది. గోడలోని వైర్ల నుంచి, పక్కనున్న అడాప్టర్ల నుంచి గాల్లోనే వచ్చి గ్రిడ్‌కి అంటుకుంటోంది. డబ్బాని గ్రౌండ్‌కి కలిపి ఇనప మూత పెట్టగానే ఆ అల గీతలా అయిపోయింది. ఔట్‌పుట్‌లో 2.2 మైక్రోఫారడ్ ఫిల్మ్ కండెన్సర్ 47 కిలో ఓమ్‌ల ఆంప్‌కి చాలా, మార్చాలా అని అడిగితే, కాగితం మీద లెక్క నాచేతే చేయించారు. కటాఫ్ (దానికి కింది శబ్దాలు తగ్గిపోయే హద్దు) ఒకటిన్నర సైకిల్ దగ్గర వచ్చింది, మార్చనక్కర్లేదు. కాఫీ ఇచ్చి, రీడింగులన్నీ తన చేత్తో నోట్‌బుక్‌లో రాసి ఆ పేజీ చింపి ఇచ్చారు. దాన్ని డబ్బా మూత లోపల అతికించాను.

ఇప్పుడు బాలమురళీకృష్ణ గారి కచేరీ పెడితే, ఆయన గొంతు విప్పకముందు తంబూరా తీగ ఒక్కొక్కటీ విడిగా వినిపిస్తోంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి కూర్చుంది, రాగం అయ్యేదాకా లేవలేదు.

డ్రాయింగ్ కావాల్సినవారు అడగండి, ఎవరికైనా ఇవ్వమని అన్నయ్య చెప్పారు. చేసేవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోండి: సెల్లే కదా అనుకోవద్దు, 90 వోల్టుల డీసీ గట్టిగా షాక్ కొడుతుంది. స్విచ్ ఆపి, కండెన్సర్ ఖాళీ అయిందో లేదో మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి లోపల పెట్టండి. సంక్రాంతికి ఈ డబ్బా పట్టుకుని తెనాలి వెళ్తున్నాను. బాబాయ్ గారు ఇంకా వినలేదు.