సుబేదార్ గారి మలకాల్

బెంగళూరు

ఒరేయ్ శ్రీనూ,

ఉత్తరం అందింది. పెళ్లి సంబంధాల గోల తర్వాత రాస్తా. ముందు నువ్వు కెలికిన సంగతి: "నీలం టోపీలవాళ్లు జీతాలు తీసుకుని చూస్తూ కూర్చుంటారు" అన్నావు కదా, ఐక్యరాజ్య సమితి శాంతి సైనికుల్ని! మా పై వాటాలో చిత్తూరు నుంచి వచ్చిన రిటైర్డ్ సుబేదార్ గారున్నారు. దక్షిణ సూడాన్‌లోని మలకాల్‌లో ఐక్యరాజ్య సమితి తరఫున పనిచేశారు. నీ మాట ఆయన చెవిన వేశా.

కోప్పడతారనుకుంటే బురద గురించి మొదలుపెట్టారు. అక్కడిదీ మన రేగడిలాంటి నేలేనట. వానాకాలంలో చక్రాలకు పట్టిన మట్టిని పారతో చెక్కడం, నాలుగు గజాలు కదలడం, మళ్లీ చెక్కడం. అవతల ఊరు తగలబడుతోందని తెలిసినా వెళ్లడానికి దారుండదు. హెలికాప్టర్ ఉందిగా అన్నా. అది లేవాలంటే అక్కడి ప్రభుత్వం భద్రతకు హామీ ఇవ్వాలట. 2012 డిసెంబరులో ఆ దేశ సైన్యమే పొరపాటున సమితి హెలికాప్టర్‌ను కూల్చేసింది. నలుగురు రష్యన్ సిబ్బంది పోయారు.

అసలు తిరకాసు ఇక్కడేరా. 2011లో దేశం పుట్టినప్పుడు వీళ్లు వెళ్లింది ఆ కొత్త ప్రభుత్వం నిలదొక్కుకోవడానికి సాయం చేద్దామని. 2013 డిసెంబరులో అధ్యక్షుడు సాల్వా కీర్, ఆయన పదవి నుంచి తీసేసిన ఉపాధ్యక్షుడు రియెక్ మచార్ వర్గాలు తలపడేసరికి ఆ ప్రభుత్వమే ఒక పక్షమైపోయింది. జనాన్ని కాపాడాల్సింది ఎవరి నుంచి? చాలాచోట్ల, కదలడానికి అనుమతి ఇవ్వాల్సినవాళ్ల నుంచే! ప్రాణభయంతో జనం సమితి స్థావరాలకు పరుగెత్తుకొస్తే గేట్లు తీశారు. తర్వాత్తర్వాత ఆ ఆవరణల్లో ఉన్నవాళ్లు రెండు లక్షల దాకా చేరారు. ఆ 2013 డిసెంబరులోనే అకోబో అనే ఊళ్లో, సమితి స్థావరంలో తలదాచుకున్నవాళ్ల కోసం సాయుధుల గుంపు విరుచుకుపడి మన జవాన్లను ఇద్దరిని చంపింది.

అలాగని అంతా వెనకేసుకురాలేను. 2016 ఫిబ్రవరిలో మలకాల్ శిబిరం మీదే దాడి జరిగింది. దాదాపు ముప్పై మంది పోయారు. ఎప్పుడు కాల్చాలో, ఎవరి ఆజ్ఞ వినాలో కూడా స్పష్టత లేదని సమితి విచారణలోనే తేలింది. గేటు లోపలికి వచ్చినవాళ్లనే కాపాడలేకపోతే ఎలా? గట్టిగానే అడిగా. సుబేదార్ గారు కాసేపు మాట్లాడలేదు. "ఒక్కో దళానికి ఇద్దరు పెద్దలు అబ్బాయ్. సమితి కమాండర్ ముందుకెళ్లమంటాడు. సొంత దేశం ఫోన్ చేసి, మనవాళ్లకేమైనా అయితే ఇక్కడ జవాబు చెప్పలేం, ఆగండి అంటుంది" అన్నారు.

కనక తిట్టాలనుంటే ఆ ఫోన్ చేసేవాళ్లను కూడా తిట్టు, జవాను ఒక్కడినే కాదు. సంక్రాంతికి ఎలాగూ వస్తున్నావుగా, ఆయనతో నువ్వే వాదించు. భోంచేశాకే కూర్చో, మొదలుపెడితే ఆపరు.

నీ
రవి