షిట్జు కాపలా కుక్క కాదు సార్

ఎడిటర్ గారికి నమస్తే,

పోయిన ఆదివారం మీ పేపర్ల షిట్జు కుక్కల గురించి వేసిన్రు, చదివిన. చైనా కుక్క అన్నరు, అపార్ట్‌మెంట్ల పెంచుకోనీకి మంచిదన్నరు, అంతా బాగనే ఉంది గాని చివర్ల "ఇంటికి కాపలా కూడా ఉంటది" అని ఒక మాట రాసిన్రు చూడున్రి, అది చదివి మా ఇంట్ల అందరం నవ్వినం. అందుకే ఈ ఉత్తరం.

మాది హన్మకొండ. మూడేండ్ల కింద మనుమరాలు పట్టుబడితే ఒక షిట్జు పిల్లను తెచ్చినం, పేరు బంటి. గ్యాస్ బండ తెచ్చే పిల్లగాడు గేటు తీసుకొని సక్కగ వంటింట్లకి వస్తే అది మొరగలే సార్, పోయి వాని చెప్పుల మీద పండుకున్నది. కరెంటు బిల్లు కొట్టేటాయన వచ్చినా అంతే, తోకూపుడే. వెనకట మా అత్తగారింట్ల తెల్ల బొచ్చు పామరేనియన్ ఉండేది, పాలాయన గల్లీ మలుపు తిరిగినప్పటి సంది వాకిట్లకి వచ్చేదాక అది నోరు ముయ్యకపోయేది. అది చూసిన కండ్లతోటి దీన్ని చూసి మొదట్ల నేనూ తిట్టిన, ఇదేం కుక్క అని.

తర్వాత తెలిసింది తప్పు దానిది కాదని. షిట్జు అంటే చైనా భాషల సింహం అని అర్థం. అసలు రక్తం టిబెట్‌ది, అక్కడి లామాలు (బౌద్ధ గురువులు) చైనా చక్రవర్తులకి కానుకగ పంపిన కుక్కల సంతతి అని చెప్తరు, కాని ఇప్పుడు మనం చూసే రూపం వచ్చింది బీజింగ్ రాజమహల్లనే. మరి టిబెట్‌ల సింహాలెక్కడివి అంటరా, బౌద్ధుల బొమ్మలల్ల మంజుశ్రీ అని వాళ్లు కొలిచే బోధిసత్వుడు ఎక్కి కూర్చునేది సింహమే, ఆ పేరు కుక్కకి పెట్టుకున్నరు. (మన రామప్ప గుడి స్తంభాల మీది గజకేసరి కూడా అడివిల ఉండేటి సింహం కాదు గదా!) చైనా మహారాణి సీషీ ఈ కుక్కలని, పగ్, పెకినీస్ అనే ఇంకో రెండు జాతుల కుక్కలని కలిపి మహల్లనే పెంచింది, 1908ల ఆమె చనిపోయినంక అవి చెల్లాచెదురైనయి. 1930లల్ల కొన్ని ఇంగ్లండ్‌కి, నార్వేకి చేరినయి, చైనాల మాత్రం ఈ జాతి లేకుంటనే పోయింది. ఇయ్యాల ప్రపంచంల ఉన్న షిట్జులన్నిటికీ మూలం అప్పుడు మిగిలిన 14 కుక్కలే అంటరు. మొదట్ల ఇంగ్లండోళ్లు కూడా దీన్ని లాసా అప్సో అనే ఇంకో టిబెట్ కుక్కతోటి కలిపేసి లెక్కపెట్టిన్రు, 1934ల విడదీసిన్రు. అసలు తేడా ఇక్కడనే ఉంది సార్. లాసా అప్సో టిబెట్ మఠాలల్ల లోపలి వాకిలి కాడ కూర్చొని కొత్తోళ్లొస్తే మొరిగిన కుక్క. షిట్జు ఒళ్లె కూర్చోనీకి పెంచిన కుక్క. తరాల కొద్ది దాని పనే మనిషి ఒళ్లె వెచ్చగ పడుకునుడు, అసొంటిదాన్ని తెచ్చి గేటు కాడ కట్టేస్తే ఏం చేస్తది?

గుణం అంటే ఇంకో సంగతి, ఒంటరిగ ఉండలేదు. బాత్రూంకి పోయినా తలుపు బయట కూర్చుంటది. మొండిది కూడా, ఒంటికి బయటికే పోవాలె అని నేర్పనీకి మాకు ఎనిమిది నెలలు పట్టింది, ఈ మాట ఎవలూ ముందు చెప్పరు. ముక్కు మీద బొచ్చు పైకి లేచి అన్ని దిక్కులా విచ్చుకుంటదని దీన్ని చేమంతి పువ్వు కుక్క అని కూడా పిలుస్తరట, ముందే తెలిస్తే బంటి కాదు చేమంతి అనే పెడుదుము. ఆ బొచ్చే కండ్లల్ల పడి నీళ్లు కారుతయి, రోజూ తుడవాలె, దువ్వాలె, నాలుగు రోజులు వదిలేస్తే జడలు కడతది.

అన్నిటికంటె కష్టం మన ఎండలు. కుక్కకి మన లెక్క చెమట పట్టదు, నాలిక బయటపెట్టి రొప్పుడుతోనే ఒళ్లు చల్లబడాలె, ముక్కే సప్పిడిగ ఉన్నదానికి ఆ రొప్పుడు సరిగ్గ పనిచెయ్యదు. మే నెలల వరంగల్ల 44 దాటుతాంటే కరెంటు పోయిన గంట కూడా దానికి ప్రమాదమే. మేం పొద్దున్న అయిదున్నరకి భద్రకాళి చెరువు కట్ట దాకా తిప్పుతం, మళ్ల చీకటి పడ్డంకనే బయటికి. పక్కింటోళ్లు చల్లగుంటదని వాళ్ల కుక్కకి మొత్తం గుండు గీయించిన్రు, తోలు ఎండకి కమిలిపోయింది. కొంచెం కత్తిరిస్తే చాలు, గుండు వద్దు.

ఇంకొకటి. మాకు అమ్మినాయన ఇంపోర్టెడ్ లైన్ అని చెప్పి నలభై రోజుల పిల్లను చేతుల పెట్టిండు, రసీదు లేదు, టీకా కార్డు లేదు. 8 వారాలు నిండని పిల్లను అమ్మొద్దని 2017లనే కేంద్రం రూల్స్ తెచ్చింది, అప్పుడు మాకు తెల్వదు. తల్లి నుంచి అంత తొందరగ విడదీస్తే రాత్రంతా ఏడుస్తది, వారం రోజులు మా ఇంట్ల ఎవలం నిద్రపోలే. వచ్చే ఆదివారం ఈ ఎనిమిది వారాల ముచ్చట ఒక డబ్బా కట్టి వెయ్యున్రి, కాపలా మాట తీసెయ్యున్రి. కావాలంటే బంటి ఫొటో పంపుత, మీ పేపర్ మీదనే పండుకున్నది ఒకటి ఉంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హన్మకొండ